నివేదికలో విభాగాలు: చారిత్రక నేపథ్యం

నేటి రిపోర్ట్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే విభాగాల అమరిక వెనుక కంప్యూటర్ కన్నా పాత పద్ధతి ఉంది. 20వ శతాబ్దం తొలి సగంలో టాబ్యులేటర్ యంత్రాలు ఒక్కో పంచ్‌కార్డుకు ఒక్కో పంక్తి ముద్రించేవి. కార్డులోని శాఖ సంఖ్య మారగానే అంతవరకు కూడిన మొత్తాన్ని అచ్చువేసి, కొత్త లెక్క మొదలుపెట్టేవి. అందువల్ల కార్డులను ముందుగా శాఖలవారీగా పేర్చుకోవలసి వచ్చేది.

1968 నాటి కోబాల్ ప్రమాణంలో ఈ అమరిక ఏడు రకాల విభాగాలుగా కనిపిస్తుంది. నివేదిక, పుట, సమూహం అనే మూడింటికీ శీర్షభాగం, పాదభాగం ఉంటాయి; ఏడవది వివరభాగం. నేటి బ్యాండ్లు, సెక్షన్లు దాదాపు ఇవే.

పాత నియమం కూడా పూర్తిగా పోలేదు. ఉదాహరణకు, జాస్పర్‌రిపోర్ట్స్‌లో సమూహాన్ని నిర్వచించినంత మాత్రాన డేటా వరుసక్రమంలోకి రాదు. క్రమపరచని డేటాను ఇస్తే ఒకే శాఖ రెండుచోట్ల, రెండు వేర్వేరు మొత్తాలతో ముద్రితమవుతుంది. ఏ మొత్తమూ సరైనది కాదు. కనుక అభ్యాసకులు ముందు క్రమపరచడం, తర్వాతే సమూహపరచడం అలవాటు చేసుకోవాలి.