మూసీ తీరమున పేదల యిండ్లు

పల్లె విడిచి పట్టణమునకు పోయినవాడు మొదట వెదకునది పని. రెండవది తలదాచుకొను చోటు. పని దొరికినను చోటు దొరకుట దుర్లభము. కావున ఇతరులు వలదని విడిచిన నేలమీద, ఏటిగట్టుననో మురుగుకాలువ యొడ్డుననో అతడు గుడిసె వేసికొనును. అట్టి గుడిసెలు నూరు చేరినచో దానిని మురికివాడ యందుము. ఈ వాడలను బాగుచేయుటకై హైదరాబాదు నగరమున జరిగిన యత్నముల చరిత్రము పెద్దలగు మీరు వినదగినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. సుమారు 15,000 మంది మృతి నొందిరని చెప్పుదురు. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించి ఆలోచన యడిగిరి. ఆయన సూచించిన జలాశయములలో ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను.

ఇంతలో 1911లో ప్లేగు వ్యాపించెను. గాలి వెలుతురు చొరని యిరుకు సందులు రోగమునకు నిలయములని ప్రభుత్వము గుర్తించి, 1912లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించెను. దీనిని ఉర్దూలో ఆరాయిషే బల్దా యనిరి. ఈ సంఘమువారు ఇరుకువాడలను పడగొట్టి, వీథులను వెడల్పుచేసి, అల్పాదాయులకు అద్దెయిండ్లు కట్టించిరి. ఇది గొప్ప కార్యమే. కాని యిల్లు కూలినంత మాత్రమున దారిద్ర్యము కూలదు. క్రొత్త యింటి యద్దె చెల్లింపజాలని కూలివాడు వేరొకచోట గుడిసె వేయక యేమి చేయును?

1967లో మరియొక మార్గము ఆరంభమయ్యెను. నగరపాలక సంఘము సమాజాభివృద్ధి పథకమును పెట్టి, వాడలోనివారినే సంఘములుగా కూర్చి, వారి యక్కరలను వారినుండియే తెలిసికొనెను. 1970వ దశకమున అనేకులకు ఇంటిస్థలముల పట్టాలును, బ్యాంకుల నుండి స్వల్పవడ్డీకి అప్పులును లభించెను. నిన్నటి గుడిసెవాసులు తామే నిలిచి గోడలు లేపిరి.

ఇందలి మర్మము రైతులకు క్రొత్తది కాదు. తనది కాని పొలములో బావి త్రవ్వువాడు లేడు. రేపు తొలగింతురను భయమున్నంత కాలము ఎవడును గోడకు సున్నము వేయడు. పట్టా చేతికి వచ్చిననాడు కూలివాడును గృహస్థుడగును.

అయినను నది త్రోవలో పట్టా యిచ్చుట రక్ష కాదు. 2020 అక్టోబరులో మూసీ మరల పొంగి ఆ సంగతి జ్ఞప్తిచేసెను. అట్టి తావుల వారిని తరలింపవలసినదే. కాని వారి సమ్మతితో, వారి పనికి దవ్వుకాని చోటికి తరలింపవలెను. కూలి దొరకని చోట కట్టిన మేడకంటె, కూలి దొరకు చోటి పాకయే పేదకు మేలు. ఇల్లు కట్టి చూడుమన్న పెద్దల మాట పాలకులకును వర్తించును: కట్టుటకు ముందు అందుండబోవు వానిని అడిగి చూడవలెను.