సైనికుని చెంత శునకం



కురుక్షేత్రంలో గెలిచిన ధర్మరాజుకు మహాప్రస్థానంలో చివరిదాకా తోడు నిలిచినది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి స్వర్గానికి రానన్నాడాయన. యుద్ధం చూసివచ్చిన మనిషికి కుక్క ఎంతటి తోడో మన పూర్వులకు తెలుసు. వైద్యులు ఆ సంగతిని పట్టించుకొని నూరేళ్ళకు పైబడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్హార్డ్ స్టాలింగ్ దారి చూపే కుక్కల శిక్షణాలయాన్ని ఆరంభించాడు. 1931లో ఇంగ్లండులోనూ ఆ పని మొదలయింది. అక్కడ 1956 నుండి కుక్కపిల్లలను ముందుగా గృహస్థుల ఇళ్ళలో పెంచే పద్ధతి వచ్చింది. మెట్లు, వాహనాల రొద, పిల్లల అల్లరి, కొత్త మనుషులు, వీటన్నిటికీ బెదరకుండా ఉండడం కుక్క నేర్చుకునేది ఇంట్లోనే గదా!

కంటికి కనబడని గాయాన్ని గుర్తించడానికి మరింత కాలం పట్టింది. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 'షెల్ షాక్' గురించి వ్రాశాడు. అయినా అనేకులు దానిని పిరికితనమనే అన్నారు. 1980లో గాని 'పీటీఎస్‌డీ' అనే పేరుతో అది వ్యాధుల పట్టికలో చేరలేదు.

2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో 'కె9స్ ఫర్ వారియర్స్' అనే సంస్థ ఏర్పడింది. దిక్కులేక శరణాలయాలకు చేరిన కుక్కలను ఎక్కువగా తీసుకొని, తర్ఫీదునిచ్చి, మాజీ సైనికులకు అప్పగిస్తుంది. పీడకలతో ఉలిక్కిపడే యజమానిని కుక్క మూతితో తట్టి లేపుతుంది. గుంపులో అతని వెనుక కాపుగా నిలుస్తుంది. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 156 మంది మాజీ సైనికులను పరిశీలించారు. మూడు నెలల తరువాత, కుక్క తోడున్నవారిలో వ్యాధి లక్షణాలు తక్కువగా కనిపించాయి. అందరికీ మామూలు చికిత్స సాగుతూనే ఉన్నది. కనుక కుక్క చికిత్సకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

తిరువూరు ప్రాంతంలో నేను పనిచేసిన కాలంలో ఒక మాజీ సైనికుడు నిద్రమాత్రల కోసం వచ్చేవాడు. నేను రక్తపోటు చూసి చీటీ వ్రాసి పంపేవాణ్ణి. కలలో ఏమి కనబడుతున్నదని ఏనాడూ అడగలేదు. ఒకనాడు ఆయనే అన్నాడు: "వీధికుక్క పిల్ల ఒకటి మంచం కింద పడుకుంటున్నది డాక్టరు గారూ. మెలకువ వస్తే దాని మీద చెయ్యి వేస్తాను." నేను నవ్వి ఊరుకున్నాను. నా అజ్ఞానం ఈనాటికీ నన్ను బాధిస్తున్నది.

వీధికుక్కను చేరదీయదలచిన వారికి ఒక మాట. ముందుగా పశువైద్యునికి చూపించండి. రేబీస్ టీకా, నులిపురుగుల మందు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స తప్పనిసరి. కరిచినా, గీరినా సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. కొన్నాళ్ళు పెంచి వేరొకరికి అప్పగించేటప్పుడు ఆడపిల్లను అత్తవారింటికి పంపినట్లే ఉంటుంది. అయినా మీరు నేర్పిన నెమ్మదే మరొకరికి ధైర్యమవుతుంది.

మీ వీధిలో మాజీ సైనికుడుంటే, యుద్ధ విశేషాలు తరువాత అడగవచ్చు. ముందు "నిద్ర సరిగా పడుతున్నదా?" అని అడగండి. లేదంటే మానసిక వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళండి. టెలీ మానస్ 14416కు ఫోను చేసినా ఉచితంగా సలహా లభిస్తుంది. నేను అడగని ప్రశ్నను మీరైనా అడగండి.