ఇంజన్ ఆయిల్‌ది ఏ ఊరు?

మోటారు బండ్లు రాకముందు మన పల్లెల్లో కందెన ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ అడగలేదు. ఆముదం చెట్టు చేను గట్టు మీదే ఉండేది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి పైకి తేలిన నూనె తీసుకునేవారు. వరిగడ్డి కాల్చిన మసిని ఆ ఆముదంలో వేసి మెదిపితే నల్లటి చిక్కటి ముద్ద తయారయ్యేది. దాన్ని వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసుకునేవారు. దూరం పోయేటప్పుడు దారిలో ఆగి, చీల ఊడదీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, పుల్లతో ఇరుసుకు పూసేవారు. సుమతీ శతకకారుడు కరణాల గురించి చెప్పడానికి ఈ కందెననే పోలికగా తెచ్చుకున్నాడంటే అది ప్రతి ఇంటికీ ఎంత తెలిసిన వస్తువో తెలుస్తుంది.

ఇప్పుడు స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లి మన దేశంలో తయారైన ఇంజన్ ఆయిల్ కావాలని అడిగితే మూడు నాలుగు డబ్బాలు బల్ల మీదకు వస్తాయి. దుకాణదారు అన్నీ ఇక్కడివే అంటాడు. ఆ మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

మోటారు ఇంజన్లు కూడా మొదట్లో ఆముదం తాగినవే. లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో కందెనల వ్యాపారం పెట్టాడు. కార్లకు, విమానాలకు సరిపడే ఆయిల్ కోసం ఖనిజ నూనెలో ఆముదం కలిపి 1909లో ఒక సరుకు తెచ్చాడు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ అంటారు కదా, దాన్నిబట్టి కాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు వాడిన రోటరీ ఇంజన్లకైతే ఆముదం లేనిదే పని జరిగేది కాదు. వాటిలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే పోతుంది. మామూలు ఖనిజ నూనె అయితే పెట్రోలులో కరిగి పలచబడిపోతుంది. ఆముదం అంత సులువుగా కరగదు, వేడెక్కినా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అందుకే ఆ యుద్ధకాలంలో భారతదేశపు ఆముదం గింజలకు విదేశాల్లో ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అయితే ఆముదానికి ఒక లోపం ఉంది. ఇంజన్ వేడికి అది జిగురు కట్టి, లోపల లక్కలాగా అంటుకుపోతుంది. ఇంజన్లు మారాయి, ఖనిజ నూనెలు మెరుగుపడ్డాయి. రేసు కార్లకు తప్ప మిగతా వాటికి ఆముదం అవసరం తీరిపోయింది.

అక్కడి నుంచి మన ఇంజన్ల కందెన పరాయి చేతుల్లోకి పోయింది. అస్సాంలోని డిగ్బోయ్‌లో 1889లోనే చమురు పడింది, 1901లో శుద్ధి కర్మాగారం కూడా వచ్చింది. కానీ దేశమంతటా డబ్బాలు అమ్మింది బర్మా షెల్, స్టాన్వాక్, కాల్‌టెక్స్ కంపెనీలే. స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్లకు, 1959లో, ఇండియన్ ఆయిల్ కంపెనీ పుట్టింది. అసలైన మలుపు మాత్రం 1969. ఆ ఏడాది బొంబాయిలో అమెరికా కంపెనీ ఎస్సో, భారత ప్రభుత్వం కలిసి పెట్టిన లూబ్ ఇండియా కర్మాగారం, మద్రాసు దగ్గర మనలిలో మద్రాస్ రిఫైనరీస్ పని మొదలుపెట్టాయి. 1975లో హాల్దియా కర్మాగారం వాటికి తోడైంది. ఇంజన్ ఆయిల్‌కు మూలమైన బేస్ ఆయిల్ పెద్ద ఎత్తున ఇక్కడే తయారు కావడం వీటితోనే సాధ్యమైంది. 1972లో ఫరీదాబాద్‌లో పరిశోధన కేంద్రం పెట్టి, ఆ ఏడాదే ఇండియన్ ఆయిల్ సర్వో పేరుతో తన కందెనలను తెచ్చింది. 1974లో ఎస్సో జాతీయమై హిందుస్థాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్ కూడా ప్రభుత్వపరమైంది, అదే నేటి భారత్ పెట్రోలియం. లారీల వాళ్లకు బాగా తెలిసిన లాల్ ఘోడా హిందుస్థాన్ పెట్రోలియంది, మ్యాక్ భారత్ పెట్రోలియంది. విదేశీ వాటాలపై ఆంక్షలున్న ఆ కాలంలో కాస్ట్రాల్ వ్యాపారం కూడా 1979లో ఇండ్రోల్ అనే పేరు తగిలించుకుంది. 1990లో ఆంక్షలు సడలుతున్న వేళ మళ్లీ కాస్ట్రాల్ ఇండియాగా మారింది.

వీడాల్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది అమెరికాలోని టైడ్ వాటర్ కంపెనీ ఆయిల్. ఫోర్డ్ మోడల్ టీ కార్ల రోజుల్లో పేరు తెచ్చుకుంది. 1920ల్లో కలకత్తాలో దాని భారతీయ శాఖ వెలిసింది. అమెరికాలో పుట్టిన ఆ బ్రాండు చేతులు మారుతూ మారుతూ చివరికి బ్రిటిష్ పెట్రోలియం దగ్గరకు చేరింది. కలకత్తా కంపెనీ మాత్రం ఇక్కడే వేళ్లూని, 2011లో వీడాల్ అంతర్జాతీయ హక్కులను బీపీ దగ్గర కొనేసింది. కొమ్మగా వచ్చింది చెట్టునే కొనుక్కుంది. దాని వాటాదారుల్లో ఆండ్రూ యూల్ అనే ప్రభుత్వ రంగ సంస్థ కూడా ఉంది. పేరు విని విదేశీదని పక్కన పెట్టే డబ్బా ఒకటి నిజానికి మన కంపెనీదని చాలామందికి తెలియదు.

పేరు సంగతి పక్కన పెట్టి డబ్బా వెనక్కి తిప్పి చూద్దాం. ఒక మామూలు బైకు ఆయిల్ డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని చిక్కదనం, ఏపీఐ, జాసో అని నాణ్యత ప్రమాణాలు, బ్యాచ్ నంబరు, తేదీ, కింద సన్నటి అక్షరాల్లో తయారీదారు చిరునామా ఉంటాయి. దిగుమతి చేసిన డబ్బా అయితే ఏ దేశానిదో చట్టప్రకారం రాయాలి. ఆ మాట లేకుండా సిల్వాసా అనో, ముంబై అనో ఉంటే ఆయిల్‌ను అక్కడ కలిపి, డబ్బాల్లో నింపారని అర్థం. దేశంలో అమ్ముడయ్యే డబ్బాల్లో చాలావరకు, బ్రాండు విదేశీదైనా సరే, ఇలా ఇక్కడ నిండినవే. కలిపింది ఎక్కడో తెలిసింది కానీ, ఏం కలిపారో అది ఎక్కడిదో డబ్బా చెప్పదు.

డబ్బాలో ముప్పాతిక వంతుకు పైగా ఉండేది బేస్ ఆయిల్. మన కర్మాగారాలు చేసేది దేశానికి చాలదు కాబట్టి కొరియా, గల్ఫ్ దేశాల వంటి చోట్ల నుంచి పెద్ద ఎత్తున తెప్పించుకుంటున్నాం. కొత్త కార్లు అడిగే 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిళ్లకు ఇంకా మేలిరకం బేస్ ఆయిల్ కావాలి, వాటికి దిగుమతే ముఖ్య ఆధారం. సరే, హాల్దియాలోనో మనలిలోనో చేసిన బేస్ ఆయిల్ పూర్తిగా మనదా అంటే, దానికి వాడే ముడి చమురు ప్రధానంగా పశ్చిమాసియాది. బాంబే హై చమురులో మైనం ఎక్కువ, కందెనలకు అంతగా కుదరదు. మిగిలిన భాగం అడిటివ్స్. ఇంజన్‌లో మసి పేరుకోకుండా, అరుగుదల తగ్గేలా చూసేవి అవే. ప్రపంచమంతటా ఆ విద్య చాలావరకు లూబ్రిజోల్, ఇన్ఫీనియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఓరొనైట్ అనే నాలుగు కంపెనీల చేతిలో ఉంది. మన ప్రభుత్వం 1966లోనే లూబ్రిజోల్‌తో ఉమ్మడి కంపెనీ పెట్టి ఆ తయారీని ఇక్కడికి రప్పించడం నా దృష్టిలో చమురు కంపెనీలను జాతీయం చేయడమంత పెద్ద పని. దానికి రావలసినంత పేరు రాలేదు.

మరోవైపు విదేశీ పేర్ల వెనక మన సరుకు ఎంత ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చక్రాల బేరింగులకు పెట్టే లిథియం గ్రీజులో ప్రధాన పదార్థం ఆముదం నుంచి తీసిన ఆమ్లంతో తయారవుతుంది. ఆముదం నుంచే వచ్చే సెబాసిక్ ఆమ్లంతో జెట్ ఇంజన్ల కందెనలు చేశారు. ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం మన దేశానిదే. ఒకప్పుడు ఆముదం సాగు విస్తీర్ణంలో మన తెలుగు నేలే ముందుండేది. మహబూబ్‌నగర్, నల్లగొండ చల్కల్లో అది పేదరైతు పంట. హైబ్రిడ్ విత్తనం, నీటి వసతి కలిసొచ్చి గుజరాత్ మనల్ని దాటిపోయింది. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం మంచి రకాలు ఇచ్చినా వర్షాధారపు చల్కలో ఆ దిగుబడి రాదు. నూనెగానే చైనాకు పోయే ఆముదం అక్కడ సెబాసిక్ ఆమ్లమై ఎక్కువ ధర పలుకుతోంది. ఆ తయారీ ఇక్కడ ఇంకా పెరగాలి. స్వదేశీ కందెన గురించి పట్టుదల చూపాల్సింది మొదట అక్కడే.

నన్నడిగితే ఇవాళ అచ్చంగా ఇక్కడే దొరికే ఆయిల్ మెకానిక్ షెడ్డులో, మసిబారిన డ్రమ్ములో ఉంది. ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ కాలి ఆవిరైపోదు. నీళ్లు, మసి, అరిగిన లోహం, చెడిపోయిన అడిటివ్స్ తీసేస్తే లోపలి బేస్ ఆయిల్ చాలావరకు బాగానే ఉంటుంది. ఇప్పుడు ఆ డ్రమ్ములోది సెంట్రింగ్ పలకలకు పూయడానికి పోతోంది, బట్టీల్లో కాలిపోతోంది, కాలువల్లో కలుస్తోంది. కొంతమంది వడగట్టి నకిలీ డబ్బాల్లో నింపి కొత్తదని అమ్ముతున్నారు కూడా. సరైన శుద్ధికి తిప్పమని, ఆ బాధ్యత ఆయిల్ తయారీదారులదేనని కేంద్రం నిబంధనలు తెచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఈసారి ఆయిల్ మార్పించినప్పుడు పాతది ఎవరు పట్టుకెళ్తున్నారో మెకానిక్‌ను అడగండి. లైసెన్సున్న రీసైక్లరుకు ఇచ్చే షెడ్డు దొరికితే మళ్లీ అక్కడికే వెళ్లండి. ఖాళీ డబ్బాకు మాత్రం, మళ్లీ నింపి అమ్మే వీల్లేకుండా, మీ ఎదుటే మేకుతో రెండు చిల్లులు పొడిపించండి.