రాతి మీద ఒక మాట ఎక్కువ

లండన్‌లో హైగేట్ శ్మశానం అనగానే అందరికీ కార్ల్ మార్క్స్ గుర్తొస్తాడు. నాకు మాత్రం, అదే శ్మశానంలో తూర్పు భాగంలోనే ఉన్న మరో సమాధి మీద ఆసక్తి. న్యూఢిల్లీకి రూపం ఇచ్చిన ఎడ్విన్ లుటియెన్స్ దానికి నమూనా గీశాడు. రాతి మీది పేరు విలియం ఫ్రీజ్-గ్రీన్. పేరు కింద, సినిమాని కనిపెట్టినవాడు అని. ఆపైన 1889 జూన్ 21 అనే తేదీ, 10131 అనే పేటెంటు నంబరు.

ఎడిసన్, లూమియేర్ సోదరులు అని చదువుకున్న మనకి ఈ పేరు కొత్త. ఎవరీయన?

1855లో బ్రిస్టల్‌లో పుట్టిన విలియం గ్రీన్ ఫొటోగ్రాఫర్. హెలెనా ఫ్రీజ్‌ని పెళ్ళి చేసుకుని, ఆమె ఇంటిపేరుని తన పేరులో కలుపుకున్నాడు. ఆ రోజుల్లో ఎంతమంది మగాళ్ళు ఆ పని చేసుంటారు! స్టూడియో బాగానే నడిచేది. కానీ ఆయనకి కదిలే బొమ్మల పిచ్చి పట్టుకుంది. 1889లో మోర్టిమర్ ఎవాన్స్ అనే ఇంజనీరుతో కలిసి, సెకనుకి పది దాకా ఫొటోలు వరసగా తీసే కెమెరాకి పేటెంటు తీసుకున్నాడు. 1891కల్లా దివాలా. ఆ తర్వాత రంగుల సినిమా మీద పడ్డాడు. అక్కడా డబ్బు మిగల్లేదు.

1921 మే 5న లండన్‌లో సినిమా వ్యాపారుల సమావేశం జరిగింది. ఆయన లేచి మాట్లాడి, కూర్చుని, కాసేపటికే కుప్పకూలి చనిపోయాడు. జేబులో దొరికింది ఒక షిల్లింగు పది పెన్నీలు. ఆ వ్యాపారులే ఘనంగా అంత్యక్రియలు చేశారు. ఆ రోజు చాలా హాళ్ళలో రెండు నిమిషాలు బొమ్మ ఆపేశారట. తర్వాత ఈ సమాధిరాయి లేచింది.

చిక్కల్లా ఆ రాతి మీది బిరుదుతోనే. 1888 అక్టోబరులోనే లూయీ లె ప్రిన్స్ లీడ్స్‌లోని ఒక తోటలో మనుషులు నడుస్తుంటే తీశాడు. 1890లో దిజోఁలో రైలెక్కి మాయమైపోయాడు. ఆయనకి సమాధే లేదు. లూమియేర్లు 1895లో పారిస్‌లో టిక్కెట్టు పెట్టి బొమ్మ చూపించారు. సినిమా ఒక్కడి చేతిలో పుట్టలేదు.

1951లో ‘ది మ్యాజిక్ బాక్స్’ అనే సినిమా ఫ్రీజ్-గ్రీన్‌ని ఇంకా పైకెత్తింది. ఆ తర్వాత బ్రయన్ కో లాంటి చరిత్రకారులు ఆ గొప్పలన్నీ పరిశీలించి కిందికి లాగారు. బిరుదుతోపాటు మనిషీ పడిపోయాడు. ఆయన నిజంగా చేసిన పని కూడా గొప్పలు చెప్పుకునేవాడి కబుర్లలాగే కనిపించడం మొదలైంది.

బతికున్నప్పుడు పట్టించుకోకపోవడం ఒక అన్యాయం. పోయాక, మోయలేని బిరుదు నెత్తిన పెట్టడం ఇంకొకటి. రెండోది చేసినవాళ్ళకి తాము రుణం తీర్చుకున్నామన్న తృప్తి కూడా మిగులుతుంది. నన్నడిగితే ఆ రాతి మీద పేరూ, తేదీ, పేటెంటు నంబరూ చాలు. ఆ మూడింటినీ ఏ చరిత్రకారుడూ చెరిపెయ్యలేడు.