ఎండల ఊర్లో అద్దాల గది: కట్టే ముందు చూసుకోవాల్సినవి

త్రీ సీజన్ సన్‌రూమ్ అంటే ఇంటికి ఆనించి, మూడు పక్కలా అద్దాలతో కట్టే గది. చలి దేశాల్లో దాన్ని చలికాలంలో మూసేస్తారు. వరంగల్‌లో లెక్క తిరగబడుతుంది. వానాకాలం, చలికాలం హాయి. ఏప్రిల్, మేలో అదే గది పొయ్యి.

పైకప్పు: మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. అద్దం ఎండను లోపలికి వదిలి, వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి అద్దాల కప్పు వద్దు. స్లాబ్ వేసి, పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కొట్టించాలి. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ఉద్దేశం కూడా కప్పు వేడి తగ్గించడమే.

దిక్కు: దక్షిణం మంచిది. చలికాలంలో సూర్యుడు అటు వాలుతాడు కాబట్టి ఎండ లోపలికొస్తుంది. ఎండాకాలంలో సజ్జా నీడ సరిపోతుంది. పడమర వద్దు. సాయంత్రం ఏటవాలు ఎండ సజ్జా కిందుగా దూరిపోతుంది.

గోడలు: బిగించిన అద్దాలకన్నా తెరుచుకునే కిటికీలు, జాలీ మేలు. గాలి ఆడుతుంది, పర్దా కూడా ఉంటుంది. ఇంటికీ ఈ గదికీ మధ్య తలుపు తప్పనిసరి. అది లేకపోతే వేడంతా హాల్లోకే.

పర్మిషన్: సెట్‌బ్యాక్ జాగాలో కట్టొద్దు. ముందే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ అనుమతి తీసుకోవాలి. 2020 టీఎస్ బీపాస్ చట్టం కింద అక్రమ కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చొచ్చు. అప్పుడు పెట్టిన పైసలన్నీ మట్టిపాలే.

ఇన్ని చేసినా, మేలో ఈ గది ఫజర్ తర్వాత కాసేపే పనికొస్తుంది. మధ్యాహ్నం పెద్దలను, పిల్లలను అందులో కూర్చోనివ్వకండి.