టేకు వంశము నిలుపుట

హుస్నాబాదు మొదలు ఆదిలాబాదు దాక పాత ఇండ్ల ద్వారబంధములలో టేకుది పెద్దపీట. ఐరోపా వాసులకు ఓకు వృక్షమెట్టిదో మనకు టేకట్టిది. కాని మేలైన చెట్టునే ముందుగా నరకుట మానవుని చిరకాలపు అలవాటు. మోడు చిగిర్చినను ఒక్క చెట్టు చోటే నిండును, వంశము విస్తరింపదు.

1840 దశకమున మలబారు కలెక్టరు కానలీ, చాతుమేనోను సాయముతో నీలంబూరున టేకు తోటలు వేయించెను. విత్తనము మొలిపించుటయే వారికి తొలి చిక్కు. టేకుకాయ పెంకు రాయివంటిది; పలుమార్లు నానబెట్టి ఎండబెట్టవలెను. మొలచినను మొక్క అచ్చముగా తల్లిని పోలదు. పుప్పొడి వేరొక చెట్టుది కావచ్చును.

ఒక్క కణము నుండి మొక్కను పెంచవచ్చునని 1902లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హాబర్లాంట్ ఊహించెను. ఆయన ప్రయోగము ఫలింపకున్నను ఊహ నిలిచెను. 1980లో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలకు చెందిన గుప్త, నడ్గిర్, మస్కరెన్హాస్, జగన్నాథన్ గారలు నూరేండ్ల టేకు చెట్ల మొగ్గల నుండి మొక్కలు పెంచిన విధమును ప్రకటించిరి. మొగ్గను శుద్ధిచేసి, చక్కెర, లవణములు, హార్మోనులు గల ఆహారముపై గాజుసీసాలో నిలుపుదురు. పుట్టిన పిలకలను విడదీసి, వేరు పట్టించి, క్రమముగా మట్టికి అలవాటు చేయుదురు.

అయితే ఒకే చెట్టు సంతతితో తోటనంతయు నింపిన, ఒక్క తెగులు అన్నిటిని కూల్పగలదు. కావున మేలైన చెట్లు పెక్కింటి నుండి మొగ్గలు తీయవలెను. విత్తనపు అడవిని కాపాడవలెను. ఈ పని గొడ్డలి కంటె ముందుగా జరుగవలెను.