సాంచా ఎవరిది? నమూనా ఎవరిది?

సూరత్ బతుకు సగం ఒక మాటలో ఉంది: జాబ్ వర్క్. నూలు సేటు ఇస్తాడు, నమూనా సేటే చెబుతాడు. సాంచా, అంటే మరమగ్గం, మనది; కరెంటు బిల్లు మనది, రాత్రి నిద్ర మానుకునే కళ్లూ మనవే. మీటరుకింత అని కూలి లెక్కగట్టి సేటు గ్రే (రంగు అద్దని) బట్ట పట్టుకుపోతాడు. తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చి లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన పద్మశాలీలకు ఈ లెక్క కంఠతా వచ్చు. వాళ్ల పిల్లల కోసం ఈ నగర పాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది.

అక్కడి పెద్దల్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ఈ బట్ట ఎవరిది, నేసినవాడిదా, నమూనా ఇచ్చినవాడిదా? అంత తేలిగ్గా తేలదు. సాంచా పన్నా (వెడల్పు) ఎంతో అంతకు మించి సేటు అడగలేడు. సేటు అడగనిది నేస్తే సరుకు గోదాములో మూలుగుతుంది. ఒకరి పగ్గం ఇంకొకరి చేతిలో.

2024 డిసెంబరులో ఈ బట్టల ఊరికి చిప్పు కూడా వచ్చింది. సుచి సెమికాన్ అనే సంస్థ చిప్పుల ప్యాకేజింగ్, పరీక్షల కర్మాగారం తెరిచింది. ఎక్కడో తయారైన సిలికాన్ పలకను ముక్కలుగా కోసి, వెంట్రుకకన్నా సన్నని తీగలు అతికి, తొడుగు వేసి, పరీక్షించి పంపే పని. ఇదీ ఒక రకం జాబ్ వర్కే. అందుకే చిప్పు చేసే ఇంటెల్‌కూ కంప్యూటరు అమ్మే ఆపిల్‌కూ మధ్య పదిహేనేళ్లు సాగిన కాపురం కథ చెప్పుకోవడానికి సూరత్ సరైన అరుగు.

శాన్‌ఫ్రాన్సిస్కో, 2005 జూన్ 6

హాలు నిండా ప్రోగ్రామర్లు. వేదిక మీద ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ మాక్ కంప్యూటరులో ఒక్కో పనీ నడిపి చూపిస్తున్నారు. అన్నీ మామూలుగానే నడిచాయి. ఎవరికీ అనుమానం రాలేదు. అప్పుడు గుట్టు విప్పారు. పొద్దుటి నుంచీ ఆ కంప్యూటరు లోపల తిరుగుతున్నది ఇంటెల్ వారి పెంటియం 4! మాక్ సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్లుగా రహస్యంగా ఇంటెల్ చిప్పుల మీద కూడా నడుపుతూనే ఉన్నామని ఒప్పేసుకున్నారు.

అప్పటిదాకా ఆపిల్ కాపురం ఐబీఎం, మోటరోలాలతో. 1991లో ముగ్గురూ కలిసి పవర్‌పీసీ చిప్పుకు ముడి వేశారు. 2003లో ఇదే సభలో జాబ్స్ ఏడాది తిరిగేసరికి 3 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తానని మాటిచ్చారు. రెండేళ్లయినా రాలేదు. పైగా జీ5 అనే ఆ పవర్‌పీసీ చిప్పు వేడికి ల్యాప్‌టాప్‌లో చోటే దొరకలేదు. ఐబీఎం పద్దుల్లో ఆపిల్ చిన్న గిరాకీ. చిన్న గిరాకీ కోసం సాంచా అమరిక ఎవరు మారుస్తారు?

జాబ్స్ ఆరోజు చెప్పిన కారణం వేగం కాదు, పొదుపు. ఒక వాట్ కరెంటుకు ఎంత పని జరుగుతుందన్నది ఆయన లెక్క. ఇంటెల్‌కూ ఆ లెక్క కొత్తేం కాదు. వేడిని అదుపు చేయలేక 2004లోనే తేజాస్ అనే చిప్పును పురిట్లోనే ఆపేసింది. ఇజ్రాయెల్ హైఫాలోని తన బృందం ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన పొదుపైన చిప్పు వైపు మళ్లింది. సేటు కోరిక, సాంచా దారి సరిగ్గా ఒకేచోట కలిశాయి. మరుసటి జనవరిలో ఇంటెల్ అధిపతి పాల్ ఒటెల్లిని చిప్పుల కార్మికుల తెల్లటి ముసుగు దుస్తుల్లో, చేతిలో సిలికాన్ పలకతో ఆపిల్ వేదిక ఎక్కారు.

అదే ఊరు, 2008 జనవరి 15

ఈసారి జాబ్స్ చేతిలో ఒక ఆఫీసు కవరు. అందులోంచి ల్యాప్‌టాప్ బయటికి తీశారు. మ్యాక్‌బుక్ ఎయిర్.

కవరు గారడీ అందరికీ గుర్తుండిపోయింది. దాని వెనకున్న బేరం మాత్రం కొందరికే తెలుసు. అంత పల్చని పెట్టెలో మామూలు చిప్పు పట్టదు. చిప్పును కుదించి ఇవ్వగలరా అని ఆపిల్ ఇంటెల్‌ను అడిగింది. కోర్ 2 డ్యుయో చిప్పు ప్యాకేజీని ఇంటెల్ 60 శాతం చిన్నది చేసి ఇచ్చింది. వెడల్పు అమెరికా పది సెంట్ల నాణెమంత, మందం ఐదు సెంట్ల నాణెమంత.

ఒక సేటు అడిగిన ప్రత్యేక నమూనా అది. మూడేళ్లకు అదే ఊరంతటి ఫ్యాషనైంది. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అని పేరు పెట్టి, మిగతా కంపెనీలూ పల్చని ల్యాప్‌టాప్‌లు చేయాలంటూ 30 కోట్ల డాలర్ల నిధి పక్కన పెట్టింది. ఒక కొనుగోలుదారు నేర్పిన కుట్టును చిప్పు కంపెనీ మిగతావాళ్లకు నేర్పసాగింది.

కాదన్న బేరం

ఈ పెళ్లి సందడి మధ్యే ఒక తప్పు జరిగిపోయింది. ఐఫోన్ ఇంకా బయటికి రాకముందు దానికి చిప్పు చేసిపెట్టమని ఆపిల్ ఇంటెల్‌ను అడిగింది. ఒక ధర చెప్పింది, దానికి పైసా మించి ఇవ్వనంది. ఇంటెల్ లెక్కలు వేసుకుంటే ఖర్చే అంతకన్నా ఎక్కువ తేలింది. వద్దనుకుంది. 2007లో ఐఫోన్ శాంసంగ్ చేసిన చిప్పుతో వచ్చింది.

2013లో పదవి దిగబోతూ ఒటెల్లిని ‘అట్లాంటిక్’ పత్రిక ముందు మనసు విప్పారు. ఖర్చు అంచనా తప్పిందని, అమ్మకాలు అందరూ అనుకున్నదానికి వంద రెట్లయ్యాయని, తన మనసు మాత్రం ఒప్పుకోమనే చెప్పిందని. కాగితం మీది లెక్క మనసు మాటను తొక్కేసింది.

ఆపిల్ ఊరుకోలేదు. 2008లో పీఏ సెమీ అనే చిన్న చిప్పు సంస్థను కొనేసింది. 2010లో సొంత నమూనాతో ఏ4 చిప్పు తెచ్చింది.

గట్టు దాటిన తెలుగువాడు

ఈ కథలో మనవాడూ ఉన్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన రాజా కోడూరి. ఇంటెల్ పోటీదారు ఏఎండీలో గ్రాఫిక్స్ సాంకేతిక సారథిగా ఉన్న ఆయన 2009లో ఆపిల్‌కు వెళ్లారు. నిన్నటిదాకా చిప్పు అమ్మిన వైపు, ఇవాళ చిప్పు అడిగే వైపు. ఆపిల్ కంప్యూటర్లకు రెటీనా తెరలు వచ్చింది ఆ కాలంలోనే. తెర మీద చుక్కలు నాలుగింతలైతే బొమ్మ గీసే చిప్పు మీద బరువూ అంత పెరుగుతుంది. 2013లో ఇంటెల్ తన చిప్పు పక్కనే 128 మెగాబైట్ల అదనపు మెమరీ పెట్టి ఐరిస్ ప్రో గ్రాఫిక్స్ తెచ్చింది. దాని వెనక ఆపిల్ పట్టుదల ఉందని అప్పట్లో సాంకేతిక పత్రికలు రాశాయి.

అదే ఏడాది కోడూరి ఏఎండీకి తిరిగొచ్చారు. అసలు నాటకం 2017 నవంబరులో. పల్చని ల్యాప్‌టాప్‌లోనూ ఆటలు బాగా ఆడాలన్న కోరికను తీర్చడానికి, దశాబ్దాల వైరం ఉన్న ఏఎండీ గ్రాఫిక్స్‌ను ఇంటెల్ తన ప్రాసెసర్ పక్కనే ఒకే ప్యాకేజీలో కూర్చోబెట్టింది. ఆ ప్రకటన 6వ తేదీన. ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతైన కోడూరిని తాము చేర్చుకున్నామని ఇంటెల్ చెప్పింది 8వ తేదీన. చిప్పు ముందు, చిప్పు మనిషి తర్వాత!

కాపురం విడిపోయింది

ఇంటెల్ 10 నానోమీటర్ల చిప్పులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. 2003లో ఐబీఎంతో పడిన ఎదురుచూపే ఆపిల్‌కు మళ్లీ ఎదురైంది. కాకపోతే ఈసారి నమూనా తన చేతిలోనే ఉంది. 2020 జూన్ 22న విడాకుల కబురు, నవంబరులో ఎం1 చిప్పు. 1600 కోట్ల ట్రాన్సిస్టర్లు. గీసింది ఆపిల్, నేసింది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ. అంటే జాబ్ వర్క్.

మరుసటి మార్చిలో ఇంటెల్ కొత్త అధిపతి పాట్ గెల్సింగర్ ఇకపై ఇతరుల నమూనాలూ తమ కర్మాగారాల్లో నేసిపెడతామని ప్రకటించారు. ఆపిల్ ఆర్డరు కోసం కూడా ప్రయత్నిస్తామన్నారు. 2024లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్పు చూస్తే ఇంకా చిత్రం. ఎం1లాగే మెమరీ ప్యాకేజీలోనే ఉంది. అందులోని ముఖ్యమైన ముక్కను నేసింది టీఎస్‌ఎంసీ. ఎవరి చిప్పును మాక్ వదిలేసిందో, ఆ ఇంటెల్లే మాక్ నడిచిన దారి పట్టింది.

మళ్లీ సూరత్

ఐబీఎం, ఇంటెల్ ఇద్దరూ ఒకే తక్కెడ వాడారు. గిరాకీని ఇవాళ్టి ఆర్డరుతో తూచారు. దాని కోరిక ఎటు పోతోందో తూచలేదు. ఆపిల్ మాక్ చిప్పుకైనా ఐఫోన్ చిప్పుకైనా మొదట కోరింది చిన్న పనే. కానీ అప్పటిదాకా ఎవరి గోదాములోనూ లేని సరుకు కోరింది. చిప్పుల లోకాన్ని మలుపు తిప్పింది అలాంటి కోరికే. ఒప్పుకుని చిన్న చిప్పు చేసినచోట ఇంటెల్ పరిశ్రమకు దారి చూపింది, కాదన్నచోట ఆ దారి దానికి దూరమైంది.

సూరత్ సేటుకు ఇందులో వింతేమీ కనబడదు. ఐదు మీటర్ల శాంపిల్ నేసిపెట్టమంటే విసుక్కున్న షెడ్డుకు ఐదు వేల మీటర్ల ఆర్డరు రాదని ఆయనకు తెలుసు. సాంచా నడిపే తెలుగు కార్మికుడికి ఇంకో సంగతి కూడా తెలుసు. ఎన్ని వేల మీటర్లు నేసినా మీటరు కూలి మీటరు కూలే. నమూనా ఇచ్చినవాడికే బట్ట ధర చెప్పే హక్కు. ఇవాళ ఈ ఊళ్లో చిప్పుకు తొడుగు వేస్తున్నారు, దాని లోపలి నమూనా ఎక్కడి నుంచో వస్తోంది. ఆ నమూనా కాగితం కూడా ఈ ఊళ్లోనే గీసిననాడు, లింబాయత్ పెద్దలకు వేసిన ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు.